ఇంట్లోకి నీళ్లొస్తే లెక్క ఉంది, ఇంటి కింద నేల పోతే లెక్క ఎక్కడ?

పైన ఉన్న వీడియోలో వాగు గట్టు మీద వట్టివేరు, వావిలి ఎలా పెట్టాలో చూపించాను. దాన్ని షూట్ చేయడానికి మా పెనుబల్లి నుంచి అశ్వారావుపేట వైపు నాలుగైదు ఊళ్లు తిరిగాం. నేను మాట్లాడదామని వెళ్లింది చేల గట్ల గురించి. ఊళ్లలో జనం అడిగింది మాత్రం ఇళ్ల గురించి. "చేను సంగతి తర్వాత, ముందు మా ఇంటి వెనక గోడ చూడు" అన్నారు. అందుకే మొక్కల సంగతి వీడియోకి వదిలేసి, ఇక్కడ ఆ రెండో సంగతి రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన దగ్గర వరద సాయం అంటే నీళ్లు ఇంట్లోకి వచ్చాయా లేదా అని చూసి ఇచ్చేది. ఇంటి కింద నేల ఏట్లోకి జారిపోతుంటే దానికి సరైన లెక్క లేదు, ముందుగా ఆదుకునే దారీ లేదు. ఆ లెక్క మొదలుపెట్టాల్సింది హైదరాబాద్‌లో కాదు, మన గ్రామ పంచాయతీలో.

వరద తగ్గాకే ఒడ్డు కూలుతుంది

ముందు ఒడ్డు ఎలా కోసుకుపోతుందో తెలియాలి. వరద ఉధృతంగా ఉన్నప్పుడు ఒడ్డు కొట్టుకుపోతుందని చాలామంది అనుకుంటారు. అదీ జరుగుతుంది. కానీ పెద్ద పెద్ద పెళ్లలు విరిగి పడేది ఎక్కువగా నీళ్లు తీసేటప్పుడు. నిండు ఏరు పారుతున్నప్పుడు ఒడ్డు లోపల మట్టి అంతా నానిపోతుంది. అప్పటికి బయటున్న నీళ్లే ఒడ్డుకి ఆనుడుగా నిలబడతాయి. వర్షం ఆగి ఏరు ఒక్కసారిగా దిగిపోతే ఆ ఆనుడు పోతుంది. తడిసి బరువెక్కిన మట్టి లోపల అలాగే ఉంటుంది. ఇంక అది నిలబడలేదు, పగులు తీసి కూలుతుంది.

రెండో సంగతి, మన వాగుల ఒడ్లు పైనుంచి కిందిదాకా ఒకటే మట్టి కావు. పైన జిగట మట్టో ఒండ్రో ఉంటుంది, కింద ఇసుక పొర ఉంటుంది. ఏరు కిందనున్న ఇసుకను తోడేస్తుంది. పైన మట్టి చూరులా వేలాడుతుంది. పైన నిలబడి చూసేవాడికి అంతా బాగానే కనిపిస్తుంది. ఒకరోజు రాత్రి ఆ చూరు మొత్తం పడిపోతుంది. వాగు వంపు తిరిగే చోట, బయటి వైపు ఒడ్డుకి ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే నీటి వేగమంతా ఆ వైపే కొడుతుంది. ఆ వంపు దగ్గర్లోనే ఎవరైనా ట్రాక్టర్లతో ఇసుక తోడితే ఏటి అడుగు లోతవుతుంది, ఒడ్డు కాళ్ల కింద మట్టి ఇంకా తొందరగా పోతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సాయం లెక్కకీ దీనికీ సంబంధం ఉంది. వరద వచ్చిన నాలుగు రోజుల్లో సర్వే చేస్తారు. నీళ్లు వచ్చిన ఇళ్లు రాసుకుంటారు. ఒడ్డు కూలేది ఆ తర్వాత. సర్వే వాళ్లు వెళ్లిపోయిన వారానికి గోడ పగిలిన ఇల్లు ఏ జాబితాలోనూ ఉండదు.

అశ్వారావుపేట వైపు ఒక ఊళ్లో ఒక పెద్దాయన నాకు అదే చెప్పారు. "నీళ్లు వచ్చాయా బాబాయ్ ఇంట్లోకి?" అని అడిగితే, "ఏరు నా ఇంటికి రాలేదురా అబ్బాయ్, నా ఇల్లే ఏట్లోకి పోయింది. రాసుకునేవాళ్లు నీటి మచ్చ ఎంత ఎత్తుందని అడిగారు. గోడే లేదు, మచ్చ ఎక్కడ చూపించను?" అన్నారు. ఆయన ఇంట్లో వంటిల్లు, వెనక పశువుల పాక పోయాయి. ముందు గది నిలబడే ఉంది. అందుకని అది కాగితం మీద పూర్తిగా పోయిన ఇల్లు కాదు.

సాయం ఎంత, దేనికి

2024లో మన ప్రాంతం రెండు దెబ్బలు తిన్నది. జూలై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్టకి గండి పడింది. దిగువన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాల దాకా నీళ్లు వెళ్లాయి. చేలల్లో ఇసుక మేటలు వేసింది, కొన్నిచోట్ల చేనే కోసుకుపోయింది. ఆ తర్వాత నెలన్నర తిరక్కుండానే సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు దాటింది. బొక్కలగడ్డ, వెంకటేశ్వరనగర్, మోతీనగర్ లాంటి చోట్ల ఇళ్లు నిండా మునిగాయి.

ఖమ్మంలో మునిగిన ఇళ్లకి రాష్ట్ర ప్రభుత్వం రూ.16,500 చొప్పున ప్రకటించింది. అదే సమయంలో బుడమేరు ముంచిన విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కింది అంతస్తు ఇంటికి రూ.25,000, పై అంతస్తులకి రూ.10,000 ఇచ్చింది. బురద కడుక్కుని, బియ్యం, బట్టలు, గిన్నెలు కొనుక్కోవడానికి ఆ డబ్బు పనికొచ్చింది, కాదనను. కానీ గమనించండి, అదంతా ఇల్లు నిలబడి ఉన్నవాడికి సరిపోయే సాయం. నీళ్లు పోయాక వాడికి ఇల్లు మిగిలింది.

ఇల్లే పోయినవాడికి రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనలు వర్తిస్తాయి. 2022 నుంచి 2026 దాకా కేంద్రం పెట్టిన రేట్ల ప్రకారం ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో రూ.1.30 లక్షలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000. గుడిసెకి రూ.8,000. ఇంటికి ఆనుకుని ఉన్న పశువుల పాకకి రూ.3,000.

ఇప్పుడు ఒడ్డు మీద ఉన్న మనిషి తరఫున ఆలోచించండి. ఇంటికి మూడు గజాల దూరంలో పగులు వచ్చింది. తెలివైనవాడు ఏం చేస్తాడు? రేకులు విప్పుకుని, తలుపులు, దూలాలు తీసుకుని, పిల్లల్ని పట్టుకుని వెళ్లిపోతాడు. అలా వెళ్లిపోతే రూపాయి రాదు, ఎందుకంటే ఇల్లు విపత్తులో పోలేదు, తనే విప్పుకున్నాడు. గోడ పగిలేదాకా ఆగితే రూ.6,500. మొత్తం పడిపోయేదాకా ఆగితే రూ.1.20 లక్షలు. అంటే ఈ లెక్క మనిషిని కూలే ఇంట్లో కూర్చోమని చెబుతోంది. ఎవరూ కావాలని అలా రాయలేదు. కానీ రాసినప్పుడు వాళ్ల మనసులో తుపాను, వరద ఉన్నాయి తప్ప ఒడ్డు కోత లేదు.

నిజానికి ఆ నిధి కింద కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుపాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, హిమపాతం, కుంభవృష్టి, చీడల దాడి, చలిగాలులు ఉన్నాయి. ఏటి కోత అనే పేరు లేదు. వరదతో కలిసి వస్తే వరద కింద రాస్తారు. వరద పోయాక కూలితే రాసేవాడి దయ.

చేను విషయంలో కనీసం ఒక మాట ఉంది. ఏరు దారి మార్చుకోవడం వల్ల పొలం పోతే చిన్న, సన్నకారు రైతుకి హెక్టారుకి రూ.47,000, అంటే ఎకరానికి దాదాపు రూ.19,000. ఇసుక మేట తీయించుకోడానికి హెక్టారుకి రూ.18,000, అంటే ఎకరానికి రూ.7,300 కూడా కాదు. జేసీబీ గంట కిరాయి తెలిసిన ఏ రైతుకైనా అది ఎంతవరకు వస్తుందో అర్థమవుతుంది. అయినా చేను పోతే ఏరు దారి మార్చుకుంది అని రాసుకునే గడి ఒకటి ఉంది. ఇంటి స్థలం పోతే ఆ గడి కూడా లేదు.

స్థలం పోయినవాడు ఇల్లు ఎక్కడ కట్టుకుంటాడు?

ఇదే అసలు ముడి. ఇందిరమ్మ ఇల్లు కింద రూ.5 లక్షలు ఇస్తున్నారు. వరదలో ఇల్లు పోయినవాళ్లకి కూడా ఇస్తామన్నారు. మంచి మాట. కానీ ఆ సాయం సొంత స్థలం ఉన్నవాడికి. ఒడ్డు కోతలో పోయింది ఇల్లు ఒక్కటే కాదు, స్థలమే. కాగితంలో స్థలం ఉంటుంది, వెళ్లి చూస్తే అక్కడ ఏరు పారుతుంటుంది.

పల్లెటూళ్లలో పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. తాతల నాటి ఇల్లు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, అంతే. పట్టా ఉండదు. స్థలం పోయిందని చెప్పడానికి అసలు స్థలం ఉందని ముందు నిరూపించాలి. ఏజెన్సీ మండలాల్లో ఇంకో చిక్కు. 1/70 చట్టం వల్ల గిరిజనేతరులు అక్కడ కొత్తగా భూమి కొనలేరు. ఆ చట్టం ఉండాల్సిందే, అడవిబిడ్డల భూమికి అదే కాపలా. కానీ రెండు మూడు తరాలుగా ఉన్న ఊళ్లో ఇల్లు ఏట్లో కలిసిన గిరిజనేతర కుటుంబానికి ప్రభుత్వం స్థలం చూపించకపోతే ఊరు వదలడం తప్ప దారి లేదు. గిరిజన కుటుంబానికేమో చుట్టూ అడవి హద్దు. పైకి జరుగుదామంటే అటవీ శాఖ ఊరుకోదు, ఉన్నచోట ఉందామంటే వాగు ఊరుకోదు.

కాబట్టి ఒడ్డు కోత బాధితుడికి మొదట కావలసింది డబ్బు కాదు, కాస్త ఎత్తున నాలుగు సెంట్ల స్థలం. అది ఇచ్చాక రూ.5 లక్షలు ఇస్తే ఇల్లు లేస్తుంది. స్థలం లేకుండా ఐదు లక్షలు కాదు, పది లక్షలన్నా కాగితమే.

పట్నానికి గోడ, పల్లెకి ఏమిటి?

ఖమ్మంలో మున్నేరుకి రెండు వైపులా రిటైనింగ్ వాల్ కోసం సుమారు రూ.690 కోట్ల పని పెట్టారు. భద్రాచలంలో 1986లో గోదావరి 75.6 అడుగులకి వచ్చిన అనుభవం తర్వాత కరకట్ట కట్టారు. 2022 జూలైలో 71.3 అడుగుల వరద వచ్చినప్పుడు ఆ కట్ట విలువ ఏమిటో అందరూ చూశారు. పట్నాలకి గోడ అవసరమే, వేలమంది ఉంటారు.

కానీ మన వాగులకి, కట్టలేరుకి, పెద్దవాగుకి పొడుగునా కాంక్రీటు గోడ ఎవరూ కట్టరు, కట్టకూడదు కూడా. ఒకచోట గోడ కడితే నీటి వేగం ఎదుటి ఒడ్డుకో దిగువ ఒడ్డుకో వెళ్లి కొడుతుంది. మా మండలంలో లంకాసాగర్ నుంచి దిగే కట్టలేరు గంపలగూడెం వైపు పోతుంది. ఇక్కడ మనం చేసే తప్పు పని అక్కడి రైతు గుమ్మంలో తేలుతుంది. కాబట్టి పల్లెకి కావలసింది గోడ కాదు. ఎక్కడ ఒడ్డు కాపాడగలమో, ఎక్కడ మనుషుల్ని జరపాలో ముందే తేల్చుకునే పద్ధతి.

2022 వరద తర్వాత భద్రాచలంలో ఎత్తైన చోట కాలనీ కడతామని, రూ.1,000 కోట్లు పెడతామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. నీటి దారిలోంచి మనిషిని జరపాలనే ఆలోచన సరైనదే. కానీ అది ఒక నాయకుడి ప్రకటనగా ఉన్నంతకాలం ప్రభుత్వంతోపాటే వస్తుంది, పోతుంది. నిబంధనగా రాసి ఉంటే గుమ్మడవల్లి వాడికైనా, గోదావరి లంకలో కొబ్బరిచెట్లతోపాటు ఇల్లు పోగొట్టుకునే కోనసీమ వాడికైనా అడిగే హక్కు ఉంటుంది.

"ఒడ్డున ఎవడు కట్టుకోమన్నాడు?"

ఈ మాట ఎక్కువగా పట్నం నుంచి వస్తుంది. ఇందులో కొంత న్యాయం ఉంది. వాగు పూడ్చి వెంచర్లు వేసినవాళ్లున్నారు, బఫర్‌లో షెడ్లు కట్టి అద్దెకిచ్చినవాళ్లున్నారు. వాళ్లకి ప్రజల డబ్బు ఇవ్వమని నేను అడగడం లేదు.

కానీ భవన నిబంధనలు ఒకసారి చూడండి. పది మీటర్లకి మించి వెడల్పున్న వాగుకి తొమ్మిది మీటర్లు వదలాలంటాయి. ఏ ఒడ్డు నుంచి తొమ్మిది మీటర్లు? ఈ ఏడాది ఒడ్డా, ముప్ఫై ఏళ్ల కిందటి ఒడ్డా? ఒడ్డే కదులుతుంటే నిన్న నిబంధన ప్రకారం కట్టుకున్నవాడు రేపు ఆక్రమణదారుడైపోతాడు. వాగు దగ్గరికి వెళ్లి కట్టుకున్నవాడికీ, వాగే దగ్గరికొచ్చినవాడికీ తేడా తెలియాలంటే ఊరి పాత నక్షా తీసి చూస్తే చాలు. వాగు హద్దు అందులో ఉంటుంది. ఇల్లు ఆ హద్దుకి ఇవతల ఉంటే అతను బాధితుడు, అవతల ఉంటే వేరే సంగతి. ఇది సర్వేయర్ ఒక్క పూటలో తేల్చే పని. తేల్చమని అడిగే నాథుడు ఊళ్లో ఉండాలి.

పంచాయతీ చేయగలిగింది చాలా ఉంది

2024లో ఈ రెండు వరదలూ వచ్చినప్పుడు మన ఊళ్లకి సర్పంచులు లేరు. ఆ ఏడాది ఫిబ్రవరి మొదట్లో పదవీకాలం అయిపోయింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేక అధికారుల పాలనే. ఒక్కో అధికారికి ఎన్నో పనులు. ఏ ఇంటి వెనక పగులు ఉందో ఆయనకెలా తెలుస్తుంది? ఇప్పుడు సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. వాళ్లని మనం అడగాల్సిన మొదటి పనుల్లో ఇదొకటి.

"ఇది మా చేతిలో లేదు, ఇరిగేషన్ వాళ్లది" అంటారు. నేను చూసిన ఒక ఇంటివాళ్లు అర్జీ పట్టుకుని తిరిగారు. ఒక ఆఫీసు ఇది రెవెన్యూ పోరంబోకు అంది. రెండో ఆఫీసు వాగు ఇంకో శాఖదంది. మూడో ఆఫీసు ఇసుక సంగతి మైనింగ్ వాళ్లని అడగమంది. ఏడాది తిరిగాక అర్జీ ఎక్కడుందో తెలియదు కానీ ఒడ్డు ఇంకో రెండు గజాలు లోపలికొచ్చింది. వాగు ఎవరిదైనా కావచ్చు, ఆ ఇంట్లో మనుషులు మాత్రం పంచాయతీ వాళ్లే. 2005 విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షన్‌లో స్థానిక సంస్థలకి కూడా బాధ్యతలు రాసి ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం పంచాయతీ కూడా స్థానిక సంస్థే.

నా లెక్కలో పంచాయతీ చేయాల్సినవి నాలుగు.

మొదటిది, ఒడ్డు రిజిస్టర్. వాగు పక్కనున్న ప్రతి ఇంటికీ గోడ నుంచి ఒడ్డు అంచు ఎన్ని గజాలుందో మే నెలలో ఒకసారి, వానలు పోయాక నవంబరులో ఒకసారి కొలిచి రాయాలి. టేపు, నోటు పుస్తకం, ఫోను చాలు. ఇంటి నుంచి ఒడ్డు వైపు గజానికొకటి చొప్పున ఇనుప పుల్లలు పాతితే ఎన్ని పోయాయో చూసి కోత ఎంతో చెప్పొచ్చు. రెండేళ్లు రాస్తే ఏ ఇల్లు ఎప్పటికి ప్రమాదంలో పడుతుందో తెలిసిపోతుంది. గ్రామసభలో చదివి తీర్మానంతో కలెక్టర్‌కి పంపితే, "మాకు తెలియదు" అనే మాట ఎవరూ అనలేరు. ఆ తీర్మానం కాపీతో సోమవారం ప్రజావాణికి వెళ్లి రసీదు తీసుకోవాలి.

రెండోది, ఇల్లు పడకముందే సాయం. ఒడ్డు ఇంత దగ్గరికి వచ్చిందని రిజిస్టర్‌లో ఉంటే ఆ ఇల్లు పూర్తిగా పోయినట్టే లెక్కగట్టి, ఇల్లు విప్పుకుని వెళ్లినవాడికి కూడా పూర్తి డబ్బు ఇవ్వాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండులో సముద్రపు కోతకి గురయ్యే ఇళ్లకి, పడిపోకముందే కూల్చి తీసేయడానికి స్థానిక కౌన్సిల్ ద్వారా 6,000 పౌండ్ల దాకా ఇస్తారు. అక్కడ కూడా ఇంటి విలువకి పరిహారం లేదు, దాని మీద వాళ్లకీ కోపమే. కానీ పడకముందే సాయం అనే సూత్రం అక్కడ ఉంది.

మూడోది, ఎత్తున స్థలం. ప్రతి వాగొడ్డు పంచాయతీలో కొన్ని ఇళ్లకి సరిపడా ప్రభుత్వ భూమిని ఇప్పుడే గుర్తించి పెట్టాలి. వరద వచ్చాక వెతికితే దొరకదు. పాత స్థలం ప్రభుత్వానికి రాసిచ్చి కొత్త స్థలం పట్టా తీసుకునే పద్ధతి ఉండాలి. ఆ పాత స్థలంలో చెట్లు పెంచితే వెనకున్న ఇళ్లకి అదే కాపలా.

నాలుగోది, ఇసుక. ఊళ్లో ఇంటి పనులకి ఇసుక కావాలి, నిజమే. కానీ ఇళ్ల దగ్గర వంపుల్లో, వంతెనల పక్కన తోడనివ్వమని పంచాయతీ గట్టిగా నిలబడాలి. వాల్టా చట్టం ఉన్నది ఇందుకే. ఇసుక ట్రాక్టర్ మనవాడిదే అయినా చెప్పాలి. ఇది రాస్తే కొంతమందికి నచ్చదని తెలుసు.

మొక్కలు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ చేయవు

ప్రకృతి సేద్యం చేసేవాళ్లం కాబట్టి "మొక్కలు పెడితే సరి" అనేసే అలవాటు మనకుంది. నేను మొక్కల నారు అమ్ముకునేవాణ్ణే, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

వట్టివేరు వేళ్లు నిలువుగా రెండు మూడు మీటర్ల దాకా దిగుతాయి. వాలుగా ఉన్న వాగు గట్టుకి అడ్డంగా వరసలుగా, జానెడుకి తక్కువ దూరంలో పిలకలు పెడితే మట్టిని బాగా పట్టుకుంటుంది. వావిలి, కానుగ, నేరేడు, ఏరుమద్ది మన వాగొడ్ల చెట్లే. వావిలి కొమ్మ గుచ్చితే బతుకుతుంది. మనం కషాయాలకి కోసే వావిలాకు, కానుగాకు ఆ గట్టు మీదే దొరుకుతాయి. అంటే గట్టు కాపాడుకుంటూనే దశపర్ణికి ఆకు తెచ్చుకోవచ్చు.

కానీ నిటారుగా తెగిన ఒడ్డు అంచు మీద బరువైన వెదురు పొద పెడితే, వేళ్లు పైపైనే ఉండి, పొద బరువుకే పెళ్ల విరిగి పడొచ్చు. వెదురు అంచుకి వెనక్కి పెట్టాలి. వంపు బయటి వైపు కింద ఇసుక తోడుకుపోతున్న చోట ఏ మొక్కా ఒంటరిగా ఆపలేదు. అక్కడ ముందు ఒడ్డు పాదానికి రాళ్ల కట్టడమో వైరు బుట్టల్లో రాళ్లో వేయాలి, ఆ పైన మొక్కలు. అది ఇంజనీర్ చూసి చెప్పాల్సిన పని. గోదావరి లాంటి నది దగ్గర అయితే మన మొక్కల మాటే వద్దు. రాతి కట్టడమైనా కావాలి, మనుషుల్ని జరపనైనా జరపాలి.

చిన్న వాగులకి మాత్రం పంచాయతీ చేతిలోనే పని ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. ఆ మొక్కలన్నీ రోడ్డు పక్కనే ఎందుకు? అందులో సగం వాగొడ్డుకి మళ్లించమని గ్రామసభలో అడగండి. గుంతలు తీయడం, నాటడం ఉపాధి పనుల్లో పెట్టించమని అడగండి.

డబ్బు లేదనే మాట

చివరికి వచ్చే మాట ఇది. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా దేశం మొత్తానికి కోత నివారణ పనులకి రూ.1,500 కోట్లు, కోతలో ఇళ్లు పోయినవాళ్ల పునరావాసానికి రూ.1,000 కోట్లు విడిగా కేటాయించింది. అస్సాంలో బ్రహ్మపుత్ర, బెంగాల్‌లో గంగ చేస్తున్న నాశనం చూసి పెట్టిన నిధి అది. అస్సాం 1950 నుంచి నాలుగు లక్షల హెక్టార్లకి పైగా భూమి కోల్పోయింది. వాళ్లతో పోల్చితే మనది చిన్న బాధే. కానీ ఇల్లు పోయినవాడికి చిన్నా పెద్దా ఉండదు. కోత నివారణకీ, బాధితుల పునరావాసానికీ వేరే వేరే పద్దులు ఉండాలని ఢిల్లీలోనే ఒప్పుకున్నారన్నది మనం గుర్తుపెట్టుకోవాలి.

రాష్ట్రం చేతిలో కూడా దారి ఉంది. విపత్తు నిధిలో 80 శాతం స్పందనకైతే, 20 శాతం ముందస్తు నివారణకి. పైగా కేంద్ర జాబితాలో లేని స్థానిక విపత్తుని రాష్ట్రమే ప్రకటించి, స్పందన నిధిలో 10 శాతం దాకా వాడుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను అలాగే రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి రూ.4 లక్షలు ఇస్తామంది. కేరళ సముద్రతీర కోతని అలాగే తన జాబితాలో చేర్చుకుంది. వడదెబ్బకి చేయగలిగినప్పుడు ఏటి కోతకి ఎందుకు చేయలేం? ఒక్క ఉత్తర్వు వస్తే, వరద పోయిన పది రోజులకి కూలిన ఇంటికి కూడా గడి దొరుకుతుంది.

మన ఎమ్మెల్యేని, మంత్రుల్ని అడగాల్సింది ఆ ఉత్తర్వు. మన సర్పంచ్‌ని అడగాల్సింది ఆ రిజిస్టర్. రెండోది లేకుండా మొదటిది వచ్చినా ఉపయోగం లేదు. కోత జరిగిందని చూపించే కాగితం ఊళ్లో లేకపోతే ఉత్తర్వు ఎవరికి పనికొస్తుంది?

తొలకరికి ఇంకా టైముంది. మీ ఊళ్లో వాగు పక్క ఇల్లు ఉంటే, మీది కాకపోయినా సరే, ఈ వారం టేపు తీసుకెళ్లి గోడ నుంచి ఒడ్డుకి కొలవండి. తేదీ పడేలా ఫోటో తీయండి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, ఆ ఫోటో ఒకచోట పెట్టమని ఆ ఇంటివాళ్లకి చెప్పండి. వచ్చే గ్రామసభలో ఆ కొలత చదివించి మినిట్స్‌లో రాయించండి. కొలవడం, పుల్లలు పాతడం ఎలాగో వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను. వట్టివేరు పిలకలు కావాలంటే కొనక్కర్లేదు, ఒక్క దుబ్బు ఉన్న రైతు పదిమందికి పంచొచ్చు. ఉంటాను.